తర్వాత అతికిన కడ్డీ

పాత సైకిళ్ళని బాగుచేసి మళ్ళీ మొదటి రూపానికి తేవడం నా వృత్తి. ఏ భాగం అసలుది, ఏది తర్వాత మార్చారు అన్నది ఫ్రేము చూసి చెప్పేస్తాను. ఆ మాట నమ్మి జనం ఎక్కడెక్కడి నుంచో నా కొట్టుకి వస్తారు. నమ్మనిది మా ఇంట్లోవాళ్ళే.

సోమవారం పొద్దున్నే మా తమ్ముడు గోనెపట్టాలో చుట్టిన పిల్లల సైకిల్ ఫ్రేము ఒకటి తెచ్చి బల్ల మీద పడేశాడు. చక్రాల్లేవు, సీటు లేదు. ఎర్ర రంగు పెచ్చులు పెచ్చులుగా లేచిపోయి ఉంది.

"చిన్నప్పుడు నాన్న నాకు కొనిచ్చిన సైకిలక్కా. అటక మీద దొరికింది. నీ మేనల్లుడికి ఇద్దామని. మొదట్లో ఎలా ఉండేదో అచ్చం అలాగే చెయ్యాలి" అన్నాడు. వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగి, "జాగ్రత్తక్కా, దీన్ని కూడా పారేసుకోకు" అని నవ్వాడు.

ఆ 'కూడా' సంగతి చెప్పాలి. నాకు ఎనిమిదేళ్ళప్పుడు నీలం రంగు సైకిలు ఉండేది. ఒక పొద్దున లేచి చూస్తే వాకిట్లో లేదు. "తాళం వెయ్యకపోతే దొంగ ఎత్తుకుపోడా?" అన్నారు నాన్న. వేశాననే నాకు గుర్తు. కానీ ఆయన అంత గట్టిగా అంటుంటే నా గుర్తు మీద నాకే నమ్మకం పోయింది. వారం రోజులు ప్రతి గేటులోకీ తొంగిచూస్తూ వీధులన్నీ తిరిగాను. ఆ తర్వాత మా ఇంట్లో నా చేతికి ఏదైనా ఇవ్వాలంటే ముందు ఒక జోకు పడేది. నా పెళ్ళిలో తమ్ముడు మా ఆయనతో, "బావగారూ, అక్కకి విలువైనవేవీ ఇవ్వకండి, పోగొడుతుంది" అన్నాడు. అందరూ పడీపడీ నవ్వారు. సిగ్గులేకుండా నేనూ నవ్వాను.

సరే, పని మొదలుపెట్టాను. రంగు తియ్యకముందు ఫ్రేము తిరగేసి, పెడళ్ళు తిరిగే గొట్టం కింద కొట్టిన నంబరు చూడడం నా పద్ధతి. మురికి గీకితే నంబరు ముందు చిన్న చుక్క కనబడింది. ఈ సైకిలు చేసిన కంపెనీవాళ్ళు ఆడపిల్లల సైకిళ్ళకి మాత్రమే ఆ చుక్క కొట్టేవారు. ఆడపిల్లల సైకిలుకి పైన అడ్డకడ్డీ ఉండదు. దీనికి ఉంది.

ఉప్పుకాగితంతో కడ్డీ మీద ఎరుపు తీశాను. కింద వట్టి ఇనుము. మిగతా గొట్టాల మీద తీశాను. ఎరుపు కింద నీలం. అంటే నీలం రంగు ఆడపిల్లల సైకిలుకి ఎవరో కడ్డీ అతికి, మగపిల్లల సైకిలు చేసి, ఎరుపు పూశారన్నమాట. అతుకు చూశాను. ఇత్తడి అతుకు, చాలా శుభ్రమైన పని. ముగిసే చోట ఒక బొట్టు ఎక్కువ వేసి, దాన్ని ఆకురాయితో పల్చగా అరగదీశారు. నేనూ అలాగే చేస్తాను. ఆ పని నాకు నేర్పింది నాన్న.

సీటు గొట్టం వెనకవైపు గీకాను. చిన్నప్పుడు నేను మేకుతో గీసిన పువ్వు బయటపడింది, నాలుగే రేకులు. ఐదో రేకుకి చోటు చాలక ఆ రోజు ఎంత ఏడ్చానో నాకింకా గుర్తే.

అరికాలి మంట నెత్తికెక్కింది. ఫ్రేము భుజాన వేసుకుని, కొట్టు మూసి, తమ్ముడి ఇంటికి నడిచాను. నాన్న ఉండేది వాడి దగ్గరే. ఇద్దరూ భోంచేస్తున్నారు. కంచాల మధ్య ఫ్రేము పెట్టి ఆ పువ్వు మీద వేలు ఉంచాను.

"ఇది ఎవరిది నాన్నా?"

నాన్న చూశారు. కంచం కొంచెం పక్కకి జరుపుకున్నారు. "వాడు సైకిలు కావాలని ఒకటే ఏడుపు. రెండోది కొనే పరిస్థితి లేదు. నిన్నడిగితే ఇస్తావా?"

"అడిగారా?"

ఆయన అన్నంలో చారు పోసుకున్నారు.

"ఇద్దరం తొక్కేవాళ్ళం కదా! పోనీ వాడికే ఇచ్చేశానని చెప్పండి, ఏడ్చి ఊరుకునేదాన్ని. దొంగ ఎత్తుకుపోయాడని, నేను తాళం వెయ్యలేదని ఎందుకు చెప్పారు?"

"ఏదో ఒకటి చెప్పాలి కదమ్మా."

తమ్ముడు బిక్కమొహం వేసుకుని, "నాకు నిజంగా తెలీదక్కా" అన్నాడు. తెలీదు, నిజమే. ఆరేళ్ళవాడికేం తెలుస్తుంది? ముప్పై మూడేళ్ళు నన్ను చూసి నవ్వడం మాత్రం బాగా తెలిసింది.

"మొదట్లో ఎలా ఉండేదో అలా చెయ్యమన్నావుగా? నీలం వేస్తాను. ఈ కడ్డీ కోసి పారేస్తాను" అన్నాను.

"కొయ్యకు, గొట్టం దెబ్బతింటుంది. అతుకు దగ్గర వేడి చేసి మెల్లగా లాగు" అన్నారు నాన్న.

పని చెప్పడానికి మాత్రం ఆయనకి నోరు పెగిలింది! నేను అంతెత్తున లేచాను. "నాకు పని చెప్పకండి. నేను సైకిలు పోగొట్టలేదని చెప్పండి. వాడి ముందు, ఇప్పుడే!"

అరిచి అరిచి నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. ఆయన ఒప్పుకోరనీ, దబాయిస్తారనీ, కనీసం కళ్ళనీళ్ళయినా పెట్టుకుంటారనీ అనుకున్నాను. నాన్న మంచినీళ్ళు తాగి గ్లాసు కింద పెట్టారు.

"అక్క పోగొట్టలేదురా. నేనే తీశాను" అన్నారు. అని, నా వైపు తిరిగి, "అన్నం తిన్నావా?" అని అడిగారు.

అంతే. ఆ ముక్క చెప్పడానికి ఆయనకి నిమిషం కూడా పట్టలేదు. ఇన్నేళ్ళలో ఏ రోజైనా, ఏ పూటైనా, ఇలాగే ముద్దకీ ముద్దకీ మధ్య చెప్పేసి ఉండొచ్చు. ఆ మాట వింటే కోపం చల్లారుతుందనుకుని వెళ్ళాను. అసలు కోపం అప్పుడు మొదలైంది.