గోడతో ఆట

టక్…

బంతి ఇంటి పక్కగోడకు తగిలి వెనక్కి వచ్చింది. సెనన్ మళ్లీ కొట్టాడు.

టక్…

ఒకప్పుడు ఆ బంతిని తిరిగి పంపింది గోడ కాదు — అన్న మర్టీ.

పదేళ్లుగా గోడే.

మర్టీ బంతి కొట్టిన హర్లింగ్ ఆట కర్ర తలుపు వెనక మేకుకు వేలాడుతూనే ఉంది. తల్లి డీలియా దాన్ని తుడుస్తుంది. కిందికి మాత్రం దించదు.

ఐర్లాండ్ వాళ్లు ఐర్లాండ్ వాళ్లనే చంపుకున్న యుద్ధంలో మర్టీ పోయాడు. కాల్చింది ప్రభుత్వ సైన్యం. కొండ మీద నుంచి నాలుగు మైళ్లు శవాన్ని మోసుకొచ్చిందీ ఆ సైన్యంలోని కుర్రాడే. తన కోటు కప్పి తెచ్చాడు. గుమ్మంలో పడుకోబెట్టి, డీలియా ముఖం చూడలేక వెళ్లిపోయాడు.

కోటు పెట్టెలో ఉండిపోయింది.

1932 వచ్చింది.

మార్చిలో, ఆనాడు యుద్ధంలో ఓడిన మర్టీ పక్షంవాళ్లు ఓట్లతో గెలిచి గద్దెనెక్కారు. ఒక్క తూటా పేలలేదు.

జూన్‌లో డబ్లిన్‌లో జరిగిన పెద్ద క్రైస్తవ ప్రార్థన సభలో లక్షలమంది మోకరిల్లారు. ఊరి చర్చి ఫాదర్ ఇంటి రేడియోలో ఆ సభ గంటలు మోగుతుంటే, డీలియా కిటికీ బయట నిలబడి విన్నది.

రాజ్యమే చేతులు మారింది… కోటు మారకూడదా?

సెప్టెంబరులో సెనన్ చేతికిచ్చి పంపింది. ఆ సైనికుడు ఇప్పుడు లిమరిక్‌లో రగ్బీ ఆడుతున్నాడట. అంతకు మించి ఆచూకీ లేదు. సెనన్ ఆట ముగిసేదాకా ఆగి, కోటు ఇచ్చి వచ్చాడు.

రగ్బీ — ఇంగ్లీషువాళ్ల ఆట. ఐర్లాండ్ సొంత ఆట హర్లింగ్ ఆడేవాడు దాన్ని ఆడటమే కాదు, చూడటం కూడా ఆట సంఘం రూలు ప్రకారం తప్పే.

మైదానంలో సెనన్‌ను ఎవరో చూశారు.

సెనన్ ఆడే ఊరి హర్లింగ్ జట్టు ఫైనల్‌కు వారం ముందు, ఊరి హాల్లో అతని మీద విచారణ. పిలవకపోయినా డీలియా వెళ్లి వెనక బల్ల మీద కూర్చుంది.

“గేటు బయటే ఉన్నానని చెప్పరా సెనన్, నా మాట విను,” అన్నాడు జట్టు పెద్ద టోమాస్ నీలన్.

“లోపలికే వెళ్లాను.”

“మరి కళ్లు మూసుకుని చావలేకపోయావా?”

“మూసుకుందామనే అనుకున్నా. వాడు బాగా ఆడుతున్నాడు.”

ఎవరో నవ్వారు.

“ఎవడ్రా వాడు?”

అక్కడ చెప్పే పేరు కాదది. ఆ హాల్లో సగం మంది మర్టీతో కలిసి తుపాకీ పట్టినవాళ్లు.

డీలియా లేచింది.

“నేనే పంపాను. నా బిడ్డను మోసుకొచ్చినవాడి కోటు వాడికి ఇచ్చి రమ్మన్నాను. ఆవేళ మీలో ఎవరు మోశారయ్యా?”

టోమాస్ టోపీని చేతుల్లో నలిపాడు… నలిపాడు. అయినా రూలు రూలే. సెనన్‌ను ఆరు నెలలు ఆట నుంచి తప్పించారు.

ఫైనల్ ఆదివారం. ఊరంతా కదిలి వెళ్లిపోయింది. సెనన్‌కు ముప్ఫై ఒక్కేళ్లు. ఇలాంటి రోజు అతనికి మళ్లీ రాదు.

టక్…

టక్…

డీలియా తలుపు వెనక్కి చేయి చాచింది. కర్రను దించింది. పెరట్లోకి నడిచింది.

సెనన్ చూశాడు. బంతిని మెల్లగా ఆమె వైపు దొర్లించాడు.

టక్…

ఈసారి గోడ కాదు.