మా పరసాదు

ఆషాఢానికి పుట్టింటికి పంపిన పెళ్లాం కార్తీకం వచ్చినా తిరిగి రాలేదు. వానలకు ఘాటీ రోడ్డు తెగిపోయిందని ఒక కబురు, అత్తగారికి చలిజ్వరమని ఇంకో కబురు. మూడో కబురు వచ్చేదాకా ఆగకుండా అసిరయ్య సాలూరులో బండి కట్టించుకుని కొండెక్కాడు. మాట తక్కువ మనిషి. బండివాడు కోరాపుట్ దాకా ఏదో ఒకటి అడిగి, జవాబు రాక, ఆపైన ఎద్దులతోనే మాట్లాడుకున్నాడు.

మావగారు భావనారాయణ బొయిపరిగుడలో ఉప్పు, బెల్లం, పూసలు అమ్ముతాడు. విజయనగరం వైపునుంచి ఉప్పు బస్తాలతో వచ్చి అక్కడే పాతుకుపోయిన మనిషి. ఆయనకది సొంతవూరు, అల్లుడికి మాత్రం పరాయిదేశం.

నోరు కదపకపోయినా అసిరయ్య కళ్లు ఊరుకోలేదు. అరుగు మీద కూర్చుని రోడ్డున పోయే జనాన్ని చూశాడు. బండి పట్టే రోడ్డయినా వాళ్లు కొండబాట మీద నడిచినట్టే ఒకరి వెనక ఒకరు నడుస్తారు. మగవాడు కావడి మోస్తాడు, ఆడది బుట్ట నెత్తిన పెట్టుకుంటుంది. ఆడవాళ్లు చీర చెరగు భుజం మీద ముడేసుకుంటారు. పరాయి మగాడు ఎదురైతే తల దించరు, ఎవరో అన్నట్టు తేరిపార చూసి మరీ పోతారు. కుర్రాళ్లు జుట్టులో దువ్వెనలు దోపుకుంటారు.

"ఆ దువ్వెన్లన్నీ ఆడపిల్లలిచ్చినవే బావా!" అన్నాడు బావమరిది సత్తిబాబు. "ఇక్కడి ఆడదానికి మొగుడు నచ్చకపోతే ఇంకోడింటికెల్లి కూకుంతాది. పెద్దలు ఓ మేకని కోసుకు తినీసి తగువు తీర్చీస్తారు. నీకేటి గాని, మా అమ్మికి మాత్రం ఈ నీల్లు బాగా పట్టీసేయి!"

సత్తిబాబు నవ్వాడు. అసిరయ్య నవ్వలేదు. పెళ్లయ్యాక రాజ్యం తనింట్లో ఉన్నది రెండు నెలలు. ఆ రెండు నెలల్లో ఆమె గొంతు తను విన్నదెంత? ఇక్కడ ఆమె దొడ్లో పాడుతోంది, గిన్నె పడేస్తే పకపకా నవ్వుతోంది, ఉప్పుకొచ్చిన వాళ్లతో వాళ్ల భాషలోనే బేరం చేస్తోంది.

మర్నాడు ఆమె మంచినీళ్లు తెచ్చినప్పుడు, "రేపు బయల్దేరదాం" అన్నాడు.

"సంత ఎల్లేదాకా ఉండండి" అంది రాజ్యం. "మాపరసాద్ ఒస్తారు. ఆల్లకి సెప్పకండా ఎలగొచ్చీగల్ను?"

చెంబు చేతిలోనే ఉండిపోయింది. మా పరసాదు! వాడెవడు? పైగా 'ఆల్లు'! తల్లితో మొగుడి సంగతి చెప్పేటప్పుడు రాజ్యం అనే మాట అది. 'ఆల్లు బోంచేస్తారట', 'ఆల్లకి వేడినీల్లట'. ఆ మాట విన్నప్పుడల్లా అసిరయ్యకు కడుపు నిండినట్టుండేది. ఇప్పుడు అదే మాట ఇంకొకడికి కూడా పెడుతోంది.

ఎవడని అడగడానికి నోరు రాలేదు. అడిగితే తనకు పట్టిందని తెలిసిపోతుంది.

ఆ పూట రొట్టె వడ్డించి అత్తగారు అమ్మాజీ తలుపు చాటునుంచి, "ఆ తేనె ఏసుకోండి బాబూ, అమ్మి పరసాద్ తెచ్చిందే. అలాంటిది మీ దిగువ దొరకదు" అంది. అసిరయ్య రొట్టె తిని తేనె అలాగే వదిలేశాడు. ఇల్లంతా ఎరిగిన వాడేనన్నమాట! రాజ్యం మెడలో కొత్తగా ఎర్రపూసల దండ ఉంది. ఎవరిచ్చారని అడిగితే, మొహమంతా వెలిగిపోతూ, "ఆల్లే" అంది.

అరుగు కింద బస్తాలు సర్దుతున్న పరజ తెగ మనిషిని పక్కకు పిలిచి, తనకొచ్చిన నాలుగు ఒడియా ముక్కల్లో అడిగాడు, పరసాద్ ఎవరని. అతను పళ్లన్నీ బయటపెట్టి, "సే? సే ఆసిబ! సంతకు ఆసిబ!" అన్నాడు. ఆసిబ అంటే వస్తారని. 'సే' అంటే వాడు. అసిరయ్యకు ఇంక సందేహం మిగల్లేదు.

సంత ముందురోజు సాయంత్రం దొడ్డివైపు వెళ్లి, "రేపు పొద్దున్నే బండి కడతాను. వస్తే రా. లేదంటే నీ పరసాదు దగ్గిరే ఉండిపో" అన్నాడు. పెళ్లయ్యాక ఒక్కసారిగా అంత పొడుగు మాట ఆమెతో అనడం అదే మొదలు.

"ఆల్లింట్లో నానెలగుంతాను?" అంది రాజ్యం అమాయకంగా. "ఆల్లూరు కొండెనకాల. మజ్జిన ఏరొకటి."

అంటే దారి కూడా ఎరుగును!

పొద్దున్న బండి కట్టారు. పెట్టె ఎక్కించారు. రాజ్యం మాత్రం రాలేదు. తండ్రి పరిచిన ఉప్పు కుప్పల పక్కన, సంతలో కూర్చుంది. అసిరయ్య అటు నడిచాడు. వాడి మొహం ఒక్కసారి చూడాలి. చూసి, బండెక్కి ఒంటరిగా పోవాలి. ఊళ్లో ఏం చెప్పుకోవాలో తర్వాతి సంగతి.

చింతపండు బుట్టలూ ఇప్పసారా కుండలూ దాటుకుని వెళ్లేసరికి రాజ్యం గబుక్కున లేచి, "మాపరసాద్!" అని కేకేసింది. ఎదురుగా ఒక పరజ పిల్ల సీతాఫలాల బుట్ట దించి పరుగెత్తుకొచ్చి రాజ్యం రెండు చేతులూ పట్టుకుంది. అసిరయ్య ఆ పిల్ల వెనక్కి చూశాడు. ఎవరూ లేరు. ఇంకా వెనక్కి చూశాడు.

"ఏడాడు?" అన్నాడు.

"ఎవుడు బావా?" అన్నాడు సత్తిబాబు.

"పరసాదు."

సత్తిబాబు ఒక్క క్షణం నోరు తెరుచుకుని నిలబడి, ఆపైన ఉప్పుకుప్ప మీద పడిపోయేలా నవ్వాడు. "ఓలమ్మో! బావకి మొగోడు కావాలట! మా పరసాద్ కాదు బావా, మహాపరసాద్! పూరీ జగన్నాతస్వామి పెసాదం ఒకల నోట్లో ఒకలెట్టుకుని నేస్తం కట్టీసేరు. ఇంక సచ్చీదాకా పేరెట్టి పిలుసుకోకూడదు. ఈల్ల బాసలో ఆడికీ సే, దానికీ సే!"

పక్క దుకాణాలదాకా ఆ మాట పాకింది. భావనారాయణ తక్కెడలోకి తల వంచుకున్నాడు. అసిరయ్యకు చెవులు మండాయి. అయినా, పోనీలే ఆడపిల్లే కదా అని గుండె కుదుటపడాలి. పడలేదు.

వాళ్లిద్దరూ ఒక సీతాఫలాన్ని చీల్చి, ఒక్క డిప్పలోంచే గుజ్జు తీసుకుంటున్నారు. గింజలు ఊస్తూ మాట్లాడుకుంటున్నారు. రాజ్యం మాటకు ముందు నవ్వు, మాట తర్వాత నవ్వు. తనింట్లో ఆమె తినడం ఎన్నడూ అతని కంటపడలేదు. మగాడైతే ద్వేషించి ఊరుకునేవాడు. ఈ పిల్లనేం చెయ్యాలి?

ఆ పిల్ల అతన్ని కింది నుంచి పైదాకా చూసింది, రోడ్డున పోయే వాళ్లను అతను చూసినట్టే. ఏదో అడిగింది.

"ఏటంతాది?" అన్నాడు.

"నన్ను తీస్కెల్లి మల్లీ ఎప్పుడు తెస్తారని."

తేను, అని నాలుక చివరిదాకా వచ్చింది. ఆ పిల్ల రాజ్యం మణికట్టు వదలకుండా జవాబు కోసం చూస్తోంది.

"నువ్వేటంతావు?" అని రాజ్యాన్నే అడిగాడు.

"నాను రానని ఎప్పుడన్నాను? సెప్పకండా రానన్నాను గాని" అంది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"చైత్రంలో తెస్తానని చెప్పు" అన్నాడు అసిరయ్య, పళ్ల సందునుంచి.

ఆ పిల్ల విని తలాడించింది. బండిదాకా వచ్చి, బుట్టలో మిగిలిన సీతాఫలాలన్నీ బండిలో పరిచిన గడ్డిలో కుమ్మరించి, వెనక్కి చూడకుండా పోయింది. రాజ్యం మాత్రం సంత కనుమరుగయ్యేదాకా చూసింది.

జయపురం రోడ్డెక్కాక అసిరయ్య ముందుకే చూస్తూ అడిగాడు. "మీరిద్దరూ ఏటేటి మాటాడుకుంతారు?"

రాజ్యం మొదట బిక్కమొహం వేసింది. ఆ తర్వాత చెప్పసాగింది. ఇద్దరూ పుట్టగొడుగులకు వెళ్లి దారి తప్పింది, ఏట్లో తన కాలు జారితే ఆల్లు జుట్టు పట్టి లాగింది. ప్రతి కథలోనూ ఆ పిల్లే. విన్నకొద్దీ అసిరయ్యకు కడుపులో మండుతూనే ఉంది. అయినా రాజ్యం ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడల్లా, "ఆ తరవాత?" అన్నాడు.