మందు పెట్టెల మీద ప్రయాణం

ఆరు నెలల మందు ఒకేసారి చేతిలో పెడితే ఇనోంగే ఆ డబ్బాలను సంచిలో జాగ్రత్తగా సర్దుకుంది. అలవాటు ప్రకారం మోకాళ్ళు వంచి, రెండు చేతులూ మెల్లగా చరిచి దణ్ణం పెట్టింది. నర్సు పిల్ల నవ్వింది.

"ఇంక వరద తీశాకే నీ మొహం చూపించు పెద్దమ్మా. పో, పొలం చూసుకో."

ఆసుపత్రి ఊళ్ళోనే ఉంది. ఇంటికి వచ్చేసరికి పొయ్యి మీద పెట్టిన నీళ్ళు ఇంకా మరగలేదు. మందు డబ్బాలను బట్టల మధ్య దాచి ఇనోంగే గడప మీద కూర్చుంది. సంతోషించాల్సిన రోజే. అయినా మనసు ఎందుకో బోసిగా ఉంది. మందుకు వెళ్ళి రావడమంటే ఇంతేనా అనిపించింది.

ఒకప్పుడు ఇలా ఉండేది కాదు. హెచ్ఐవీ మందు ఉచితంగానే ఇచ్చేవారు కానీ, ఇచ్చేది మైదానానికి అవతల, గట్టు మీది పట్నంలో. జాంబేజీ నది పొంగి మైదానం మునిగిందంటే ఊరికీ పట్నానికీ మధ్య నీళ్ళూ ఆకాశమూ తప్ప మరేమీ ఉండేవి కావు. పడవ కిరాయి పెట్టలేక మానుకున్నవాళ్ళు ఉన్నారు. సగం మాత్రలు మింగి, మిగతా సగం దాచుకుని, చివరికి అవి వాడకుండానే పోయినవాళ్ళూ ఉన్నారు.

ఇనోంగే మొగుడు మందు రాకముందే పోయాడు. ఆమె ఆడపడుచు నమకావు మొగుడూ అంతే. మిగిలిన వదినా ఆడపడుచులిద్దరికీ అదే జబ్బు. ఇనోంగే నోట్లోంచి మాట రావడమే కష్టం. నమకావు నోరు మూయించడం కష్టం. ఉపాయం చెప్పింది కూడా నమకావే.

"వదినా, అందరం పోయి పడవలో ఇరుక్కోవడం దేనికి? నెలకి ఇద్దరు పోయి అందరి మందూ తెస్తే సరిపోదా? ముబితా ఎలాగూ చేపలు అమ్ముకోడానికి పోతాడు."

చేపలు పట్టే ముబితా కూడా ఆ మందు మింగేవాడే. పట్నంలోని మిషన్ ఆసుపత్రి సిస్టరమ్మ ముతింతా మొదట ఒప్పుకోలేదు. నమకావు ఆమె గుమ్మంలో కూర్చుని కదలకపోవడంతో ఒప్పుకుంది. అప్పటి నుంచీ ఇనోంగే, నమకావు జంటగా వెళ్ళేవారు. తెల్లారగట్ల బయలుదేరితే, ముబితా పడవ వెనక నిలబడి తెడ్డు వేస్తుంటే, వీళ్ళు మధ్యలో ఎండు చేపల బుట్టల పక్కన కూర్చునేవారు. కలువ కాడలు తుంచి నమిలేవారు. చల్లటి జొన్న ముద్ద, పులిసిన పాలు పంచుకునేవారు. నమకావు దారి పొడవునా ఊళ్ళో ఒక్కరినీ వదలకుండా వెక్కిరించేది. ఇనోంగే నవ్వీ నవ్వీ పడవ ఊగిపోతే, "వదిన నవ్వుకి మునిగేట్టున్నాం, ఆపండమ్మా!" అని ముబితా మొత్తుకునేవాడు.

ఒక వరద నెలలో పట్నం చేరేసరికి ఆసుపత్రి మందుల గది ఖాళీగా ఉంది. ఎక్కడెక్కడి నుంచో వచ్చినవాళ్ళు చెట్ల కింద పడిగాపులు కాస్తున్నారు. రాజధాని లుసాకా నుంచి మందు తెస్తున్న లారీకి అడవి దారిలో ఇరుసు విరిగిందట. సామాను వచ్చి బాగయ్యేదాకా కదలదట.

బజారు పక్కన ఒకడు అచ్చం అలాంటి డబ్బాలే గోనెపట్టా మీద పేర్చుకుని అమ్ముతున్నాడు. చవకే. ముబితా జేబులో చెయ్యి పెట్టాడు. నమకావు ఆ చెయ్యి పట్టుకుంది.

"వద్దు తమ్ముడూ."

"డబ్బా అదే గదక్కా! ఊళ్ళో వాళ్ళకి ఏం చెప్తాం?"

"మా సిత్వాలాకి జ్వరం మాత్రలు ఇట్టాంటోడి దగ్గరే కొన్నా. అవీ చూడ్డానికి అచ్చం అట్టాగే ఉన్నాయి. అంతా సుద్ద. నా చేత్తోనే మింగించా. పిల్లోడు దక్కలా."

ఎప్పుడూ నవ్వించే మనిషి గొంతు అలా వినడం ఇనోంగేకు అదే మొదలు. ముబితా జేబులోంచి ఉత్త చెయ్యే బయటికి తీశాడు.

నమకావు ముక్కు చీది, నేరుగా సిస్టరమ్మ దగ్గరికి నడిచింది. "అమ్మా, ఆగింది లారీ. మందు కాదు గదా?"

సిస్టరమ్మకు వెంటనే అర్థం కాలేదు.

"మందుకేమీ ఇరుసు విరగలేదు గదా అంటున్నా. ఇంకో బండి పంపొచ్చుగా."

"మాకు బండెక్కడుందమ్మా?"

బండి చేపల ముండియా దగ్గర ఉంది. లుసాకాకు చేపలు వేసే వ్యాపారి, బొజ్జ ముందు నడిస్తే తను వెనక నడిచే మనిషి. నమకావు అడిగినదానికి అతను తల అడ్డంగా ఊపాడు.

"నా బండంతా చేపల కంపు. మీ మందుకి కూడా అంటిద్ది."

"అంటనీ నాయనా, మేమేమైనా రాణులమా? నీ చేపలు తిని పెరిగినవాళ్ళమేగా. రేపు మేం పోతే నీ చేపలెవరు కొంటారు?"

ఆ మాటకు పక్కనున్న కూలీలంతా పకపకా నవ్వారు. ముండియాకూ నవ్వాగలేదు. "ఎక్కండి, ఈవిడ నోటికి దణ్ణం" అన్నాడు.

సిస్టరమ్మ కాగితాలు పట్టుకుని ముందు కూర్చుంది. నమకావు, ఇనోంగే, ఇంకొందరు ఆడవాళ్ళు వెనక ఎక్కారు. అడవి దారి ఇసుకలో బండి ఎన్నిసార్లు కూరుకుపోయిందో, దిగి ఎన్నిసార్లు తోశారో. ఆగిపోయిన లారీ దగ్గర డ్రైవరు ఒక్కడూ పొయ్యి రాజేసుకుని చిలగడదుంప కాల్చుకుంటున్నాడు. ఇంతమంది ఆడవాళ్ళు తన మీదికి రావడం చూసి లేచి నిలబడ్డాడు. సిస్టరమ్మ ప్రతి పెట్టె సీలూ తడిమి చూసుకున్నాక ఒక్కొక్కటీ చేతులు మార్చుకుంటూ ఈ బండిలోకి ఎక్కించారు.

"ఎండ తగిలితే మందు పాడవుద్ది" అంది సిస్టరమ్మ. ఆడవాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకుని, నడుముకు చుట్టుకున్న పైబట్టలు విప్పి పెట్టెల మీద మందంగా కప్పారు. చుట్టూ కూర్చుని నీడ పట్టారు. తిరుగు దారిలో నమకావు పడవ పాట అందుకుంది. మొసలి పేరు రావాల్సిన చోటల్లా కుంటి లారీ పేరు పెట్టి పాడింది. అందరూ తెడ్లు వేస్తున్నట్టు చేతులు ఊపుతూ వంత పాడారు. ఇనోంగే కూడా గొంతెత్తి పాడింది. మొగుడు పోయాక తను పాడడం అదే మొదటిసారని పాట సగంలో గుర్తొచ్చింది. అయినా ఆపలేదు.

బండి పట్నం చేరుతుంటే చెట్ల కింద కూర్చున్నవాళ్ళంతా ఒక్కసారిగా లేచారు. ఎవరూ అరవలేదు. మోకాళ్ళు వంచి చేతులు చరిచారు. ఏటా వరదలో తమ రాజు పడవ వచ్చినప్పుడు చేసినట్టు. అక్కడే కాచుకుని ఉన్న ముబితా టోపీ మొహం మీదికి లాక్కుని అటు తిరిగిపోయాడు.

తర్వాత మైదానం మీద వంతెనల రోడ్డు పడింది. ఊళ్ళో ఆసుపత్రి కట్టారు. జంటలుగా వెళ్ళే పని లేకపోయింది. ముబితా పడవ ఇప్పుడు కోళ్ళకు నీడ. తుంటి నొప్పి ముదిరి నమకావు సెనంగా ఊళ్ళో కూతురి ఇంటికి వెళ్ళిపోయింది. "వచ్చి ఉండు వదినా" అని ఫోనులో ఎన్నోసార్లు పిలిచింది. నెల తిరిగేసరికి మందుకు ఇక్కడే ఉండాలి గదా అని ఇనోంగే ప్రతిసారీ అదే జవాబు చెప్పేది.

గడప మీద కూర్చున్న ఇనోంగే చప్పున లేచింది. ఆరు నెలల మందు ఇంట్లో ఉండగా ఇక్కడే కాపలా కూర్చోమని ఎవరన్నారు? పొయ్యి ఆర్పేసి, పెట్టె తెరిచి, పండగ లంగా తీసింది.

మర్నాడు ఆమె సెనంగాలో బస్సు దిగి ఇల్లు కనుక్కునేసరికి నమకావు వాకిట్లో చాప మీద కాళ్ళు చాపుకుని ఉంది. కళ్ళు చికిలించి చూసింది.

"ఎవరది? మా వదినా? చావు కబురేం తేలేదు గదా?"

"నువ్వు బతికుండగా ఎవరు చస్తారు, నీ వాగుడికి చెవులు పోయి చావాలి గానీ."

నమకావు పడీ పడీ నవ్వింది. నవ్వుతూనే కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "నీకీ మాటలెప్పుడు వచ్చాయే? ఎన్నాళ్ళుంటావు?"

ఇనోంగే సంచి తెరిచి డబ్బాలు చూపించింది. "ఇవున్నన్నాళ్ళు."

"అమ్మో! అయితే పిండి నువ్వే దంచాలి. ఊరికే కూర్చోబెట్టి మేపను" అంటూ నమకావు చాప మీద పక్కకు జరిగి చోటిచ్చింది.