ముందే నొచ్చే సీట్లు

బగ్దల్‌లో ఈరప్ప పొద్దున్నే లేచి తన అంబాసిడర్ కారు అద్దాలు తుడిచి, టైర్లలో గాలి చూసుకుని, కిరాయి కోసం ఎదురుచూసేవాడు. ఆ కారులో కూర్చున్నవాళ్లకు ఆ రోజు ఎక్కడ దెబ్బ తగలబోతుందో అక్కడ ముందే నొప్పి పుట్టేది. ఊళ్లో ఎవరికీ అది వింత కాదు. మోకాలు నొస్తే ముందు సీటు దిగి వెనక కూర్చునేవాళ్లు. వెనకా నొస్తే బస్సుకు పోయేవాళ్లు.

రాష్ట్రానికి కర్నాటక అని పేరు మారిన ఏడాది, చలికాలం. పొగమంచు ఇంకా విడలేదు. మొగులప్ప ఉరుక్కుంటూ వచ్చాడు. వెనకే అతని భార్య సక్కుబాయి, ఆమె చేతుల్లో గొంగడి చుట్టిన ఐదు నెలల కొడుకు.

"ఈరన్నా, పోరనికి ఎగపోస్తాంది. జల్ది బీదర్ దవాఖానకు పోవాలె."

పిల్లవాడి డొక్కలు ఎగిరెగిరి పడుతున్నాయి. పెదవులు నల్లబడ్డాయి. ఈరప్ప స్టీరింగు ముందు కూర్చోగానే రొమ్ము మధ్యలో కలుక్కుమంది. ఇంతటి నొప్పి ఎన్నడూ రాలేదు.

బిడ్డకు గాలి ఆడుతుందని సక్కుబాయి ముందు కూర్చుంది.

"ఏడనన్న నొస్తాందా, చెల్లె?"

"లేదన్నా." అంతలోనే ఆమె ముఖం పాలిపోయింది. "పోరడు చేతులకు తగుల్తలేడు. కండ్లకు కనవడ్తుండు గని, బరువు తెలుస్తలేదు."

ఈరప్పకు అర్థమైంది. కారు గుద్దుకుంటే ముందు సీట్లో ఏ తల్లి చేతులూ బిడ్డను ఆపలేవు. నేరుగా అద్దం మీదికే పోతాడు.

"దిగు. ఎనుక కూసో."

డ్రైవరు సీటు వెనక కూర్చుని ఆమె బిడ్డను పొట్టకు అదుముకుంది. "భుజాలు గుంజుతున్నయి."

"బరువు?"

"తెలుస్తాంది."

మొగులప్ప ముందు కూర్చున్నాడు. నుదురు పట్టుకుని వెంటనే దిగి, తనూ వెనక్కే పోయాడు. అక్కడ మోచెయ్యి ఒక్కటే నొచ్చింది.

"బస్సు పది గంటలకు గదా," అన్నాడు. బిడ్డ శ్వాస పిల్లనగ్రోవిలా కూస్తోంది.

"నీకేడ నొస్తాందన్నా?" సక్కుబాయి అడిగింది.

"నాకేం లేదు," అంటూ ఈరప్ప సీటు కింది బొంతను తీసి, నాలుగు మడతలు పెట్టి స్టీరింగు మధ్యలో కట్టాడు. నొప్పి పోలేదు గాని, ఊపిరి అందింది.

నెమ్మదిగా నడిపాడు. ఇంకా నెమ్మది చేశాడు. నొప్పి అలాగే ఉంది. కాసేపటికి వెనక నుంచి బిడ్డ ఊపిరి కూత వినిపించలేదు. వేగం పెంచాడు.

కాలువ మీది మోరీ దగ్గర మంచులోంచి ఎడ్లబండి అడ్డంగా వచ్చింది. బ్రేకు తొక్కితే తడి రోడ్డు మీద టైర్లు జారాయి. కారు మోరీ గోడకు గుద్దుకుంది. ముందు అద్దం పగిలి ఖాళీ సీటు నిండా పడింది. స్టీరింగు ఈరప్ప రొమ్ములోకి దిగబడింది. సక్కుబాయి భుజాలు ముందు సీటు వీపుకు కొట్టుకున్నాయి. చేతులు మాత్రం విడలేదు. వాటి మధ్య నుంచి పిల్లవాడు కెవ్వున ఏడ్చాడు. వెనకే వచ్చిన పాల జీపు నలుగురినీ దవాఖానకు చేర్చింది.

మూడో రోజు మొగులప్ప మోచేతికి కట్టుతో ఈరప్ప మంచం దగ్గరికి వచ్చాడు. ఈరప్పకు మూడు పక్కటెముకలు విరిగాయి. బొంత లేకుంటే అవి ఊపిరితిత్తుల్లో గుచ్చుకునేవని డాక్టరు చెప్పాడట.

"పోరడు?" ఈరప్ప కష్టంగా అడిగాడు.

"మందు వట్టింది. పాలు తాగుతుండు." మొగులప్ప మంచం అంచున కూర్చున్నాడు. "నొస్తాందని ఎందుకు చెప్పలేదన్నా?"

"చెప్తే చెల్లె దిగిపోతుండె," అన్నాడు ఈరప్ప.