విడిభాగాలు కాదు

వినోద చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తుంటే భర్త ఎల్లేష్ ఒక కాగితం తెచ్చి చేటలోనే పెట్టాడు. “గీడ సంతకం పెట్టు, జల్దీ. మధ్యాహ్నం కస్టమ్స్ ఆఫీసుల ఇయ్యాలె.”

గండిమైసమ్మ చౌరస్తాలో వాళ్ల స్పీకర్ల దుకాణం. చైనా నుంచి సరుకు తెప్పించే లైసెన్సు మాత్రం ఆమె పేరు మీద ఉంది. భార్య పేరున ఉంటే మంచిదని ఎవరో చెప్పారట. నాలుగేళ్ల కింద సుంకాల పుస్తకం తెచ్చి పొయ్యి గట్టు మీద పడేసిందీ ఇతనే. “ఇంట్ల ఖాళీగనే ఉంటవ్ గదా, జర సూడు.” ఖాళీ! పప్పు ఉడికేలోపు, అత్తకు మందులిచ్చి వచ్చేలోపు, ఆ ఖాళీలోనే చదివింది. ప్రతి వస్తువుకూ ఎనిమిదంకెల నంబరు. సుంకం ఎంతో తేల్చేది ఆ నంబరే. బిగించి, అమ్మకానికి సిద్ధమైన స్పీకరుకు ఎక్కువ, దాని విడిభాగాలకు తక్కువ. మొదట్లో తల తిరిగింది, తర్వాత పోపు పెట్టినంత సులువైంది. ఇంటికి ఎవరొచ్చినా మాత్రం “మా ఇంటామెకు ఏం తెల్వది, అన్నీ నేనే సూస్త” అనేవాడు. ఆమె చాయ్ ఇచ్చి లోపలికి పోయేది. మొదట్లో బాధపడేది. అది ఎప్పుడు ఆగిపోయిందో గుర్తు లేదు.

పోయిన నెల ఆమె రాసిచ్చిన నంబరు మార్చి, స్పీకర్లను విడిభాగాలని చూపించాడు. అధికారులు పెట్టెలు విప్పితే అన్నీ పూర్తి స్పీకర్లే. నోటీసు వినోద పేరున వచ్చింది.

చేటలోని కాగితం చదివింది. ‘నేను గృహిణిని. సుంకాల గురించి నాకేమీ తెలియదు. పొరపాటున తప్పు నంబరు వేశాను.’

“నేనెయ్యలే గదా,” అంది.

“ఎవరేస్తేంది? ఆడిది తెల్వక జేసిందంటే ఇడిసిపెడ్తరు.”

మంచం మీంచి అత్త దుర్గాబాయి అందుకుంది. “పెట్టు బిడ్డా. సంతకం పెడితే ఏమన్న అరిగిపోతవా?”

పెడితే తప్పు తనదవుతుంది. నేర్చుకున్నదంతా లేనిదవుతుంది. తనకు కోపం వస్తుందేమోనని వినోద కాసేపు చూసింది. రాలేదు. లేచి చేతులు కడుక్కుంది. సుంకాల పుస్తకంలో దాచిన నకలు కాగితం తీసింది, పోయిన నెల అతనికి రాసిచ్చిన అసలు నంబరున్నది. దాని కింద రాసింది: ‘ఇవి పూర్తి స్పీకర్లు. నేను వేసిన నంబరు ఇదే. మార్చింది నేను కాదు. సుంకాల గురించి నాకు తెలుసు.’ సంతకం పెట్టి సంచిలో వేసుకుంది.

“ఏడికి?” అన్నాడు ఎల్లేష్.

“ఆఫీసుకు. నోటీసు నా పేరు మీదనే వచ్చె గదా.” చేట అతని ముందుకు జరిపింది. “సగం కాయలైనయ్. ఖాళీగనే ఉన్నవ్ గదా, మిగిలినయి జర సూడు.”