మెస్ హాల్లో ఓట్ల పెట్టె

నేను ఒక రేకు పెట్టెను. నెత్తిన సన్నని చీలిక, పక్కన రెండు తాళాలు. తాళంచెవులు చెరో పక్షం దగ్గర ఉండాలని నన్ను చేయించిన రిజిస్ట్రారు ఆజ్ఞ. మనుషులకు ఓటు మీద ఎంత ప్రేమో తోటి మనిషి మీద అంత అనుమానం.

యూనివర్సిటీ విద్యార్థి సంఘం ఎన్నికల్లో పదకొండేళ్లు కొలువు చేశాను. ఒక ఏడు కొట్లాటలో ఎవరి తలో పగిలింది. కొట్టినవాళ్లను వదిలేసి ఎన్నికలను రద్దు చేశారు. అప్పటినుంచీ రాజనీతిశాస్త్ర విభాగంలో నా కడుపునిండా సుద్దముక్కలే.

వాటిని దులిపి నన్ను బయటికి తెచ్చింది స్వరూప. రాజకీయ సంస్కరణల గురించి విద్యార్థులు ఏమనుకుంటున్నారన్నది ఆమె పరిశోధన. నన్ను హాస్టల్ మెస్‌లో పెట్టి, పేరు రాయనక్కరలేని చీటీలు పంచింది. ప్రశ్నలు రెండే: రాజకీయాలు మారాలా? అందుకు మీరేం చేస్తారు?

ఎం.ఏ. చదివే నరహరి చీటీ అందుకుని నవ్వాడు. "మారాలె అక్కా. గని మనతోని ఏమైతది?"

"అదే రాయి తమ్మీ. నీకు అనిపించిందే రాయి."

అతను చాలాసేపు కలం పట్టుకుని కూర్చున్నాడు.

నాలుగు వందల చీటీలు వచ్చాయి. మొదటి ప్రశ్నకు దాదాపు అందరూ 'మారాలి' అన్నారు. రెండోదానికి ఎక్కువమంది ఖాళీ వదిలేశారు. ఒక్క చీటీలో మాత్రం, "మెస్ కమిటీకి ఎన్నిక పెట్టండి. నేను నిలబడతా. నరహరి" అని ఉంది.

"ఇది మన పట్టికలో ఇమడదు, తీసెయ్యమ్మా" అన్నారు ఆమె పరిశోధన గైడు.

స్వరూప తియ్యలేదు. నరహరిని వెంటబెట్టుకుని వార్డెన్ దగ్గరికి వెళ్లింది. గొడవలవుతాయని ఆయన మూడుసార్లు తిప్పి పంపాడు. నాలుగోసారి వాళ్ల వెనక అరవైమంది నిలబడ్డారు. ఆయన తలూపాడు.

అలా మళ్లీ నాలో ఓట్లు పడ్డాయి. ఒక్కో మడత కాగితం జారుతుంటే ఒళ్లు పులకరించింది. నరహరి తొమ్మిది ఓట్లతో ఓడిపోయాడు. ఆ పూట అన్నం ముట్టలేదు. ఇక ఈ ఛాయలకు రాడనుకున్నాను.

కొత్త కమిటీ మెస్ హాల్లో మొదటిసారి కూర్చున్న రోజున వచ్చాడు. తాగునీళ్ల మిషను రెండు నెలలుగా ఎందుకు బాగు చేయించలేదని నిలబడి అడిగాడు.

"ఓడిపోయినవు కదా, నీకెందుకయ్యా?" అన్నాడు వార్డెన్.

"ఓటేసిన సార్. అడగొద్దా?"

 వెనక బల్ల నుంచి ఒకమ్మాయి లేచి, నీళ్ల మిషను ప్రశ్నే మళ్లీ అడిగింది.