కడిగిన బస్సులు

ముక్కున్న ప్రతివాడికీ తెలుస్తున్న సంగతి కాగితానికి మాత్రం తెలియలేదు. పదిహేడో నంబరు బస్సు డీజిల్ కంపు కొడుతోందని దాన్ని నడిపే బావ నెల రోజులుగా మొత్తుకుంటున్నాడు. డిపోలో మెకానిక్‌గా పనిచేసే అతని మరదలు మూడుసార్లు బస్సు కింద దూరింది. మూడుసార్లూ ఎక్కడా తడి లేదు.

"నిన్న మీ అక్క నా చొక్కా గుమ్మం బయటే విప్పించింది" అన్నాడు బావ. "నీ ముక్కు గొప్పదా, దాని ముక్కు గొప్పదా మరదలా?"

"వేళాకోళం ఆపు బావా. కంటికి కనబడందే నేనేం రాయను?"

రెండు వారాల కిందట బస్సులు తయారుచేసిన కంపెనీ ఉత్తరం రాసింది. ఇంజనుకు డీజిల్ అందించే గొట్టం అతుకు దగ్గర కారవచ్చు, వేడికి మంట అంటుకోవచ్చు, డిపోలోని పన్నెండు బస్సులూ పరీక్షించి తడి ఉన్నవాటిని ఆపి మాకు పంపండి అని. ఆమె పన్నెండూ చూసింది. పన్నెండింటికీ 'పొడి' అని రాసి సంతకం పెట్టింది. ఒక్క బండీ ఆగనందుకు మేనేజరు మురిసిపోయాడు.

ఆ మధ్యాహ్నం డిపోలో నీళ్ల మోటారు కాలిపోయింది. బస్సులు కడిగే చోటు మూతబడింది. చేసేది లేక బావ పదిహేడో నంబరును దుమ్ముతోనే తెచ్చి, కిందికి దిగి చూసే గుంత మీద నిలబెట్టాడు. ఆమె దిగి లైటు పట్టుకుని పైకి చూసింది. అతుకు నుంచి ఇంజను దాకా నల్లటి చార. వేలు పెడితే తడి. వాసన చూస్తే డీజిల్.

ఒళ్లు మండిపోయింది. గుంత పాడవకూడదని మేనేజరు పెట్టిన నియమం ఒకటుంది. ప్రతి బండినీ కింద దాకా నీళ్లు కొట్టి, గాలితో ఆరబెట్టాకే లోపలికి తేవాలి. కారిన డీజిల్ అక్కడే కొట్టుకుపోతోంది!

"కడక్కుండా ఎందుకు తెచ్చారమ్మా?" అంటూ మేనేజరు వచ్చాడు.

ఆమె వేలు చూపించింది. "వాసన చూడండి సార్."

"డీజిల్ బండి కింద డీజిల్ కాక అత్తరుంటుందా? మోటారు బాగయ్యాక కడిగించి మళ్లీ చూడు. పొడిగా ఉంటే పంపించెయ్."

"కడిగి చూస్తే పొడిగా కాక ఎలా ఉంటుంది సార్!" అని అరిచింది. గోడకేసి తల కొట్టుకోవాలనిపించింది.

మేనేజరు ఒకడుగు వెనక్కి వేశాడు. "సరే సరే, ఈ ఒక్కటీ ఆపుదాం."

"చూశావా మీ అక్క ముక్కు!" అని బావ పగలబడి నవ్వాడు.

ఆమెకు నవ్వు రాలేదు. నియమం మేనేజరుదే. కానీ అద్దంలా మెరుస్తున్న బస్సుల కింద నిలబడి, ఇంత శుభ్రమెక్కడిదని ఒక్కసారీ అడగనిది తనే. మిగతా పదకొండూ ఆ సంతకంతోనే జనాన్ని ఎక్కించుకుని తిరుగుతున్నాయి. సిగ్గూ భయమూ ఒకేసారి కమ్మాయి. పరుగున ఆఫీసు గదిలోకి వెళ్లి, దారిలో ఉన్న ఒక బస్సు డ్రైవరుకు ఫోను చేసింది.

"అన్నా, బండి పక్కకు తీసి ఇంజను ఆపండి. అందర్నీ దింపండి."

"అదేంటమ్మా? బాగుందని నువ్వే కదా సంతకం పెట్టావు!"

"పెట్టానన్నా. తప్పు రాశాను. ముందు జనాన్ని దింపండి" అని, అతని జవాబు వినకుండానే రెండో డ్రైవరు నంబరు నొక్కింది.